విలాపమును లెక్కయు: గిద్దలూరు, మార్కాపురము సీమల సాహిత్యమున అవినీతి విమర్శ

గిద్దలూరునకు దక్షిణమున, కడప జిల్లాలో, పోరుమామిళ్ళ యను ఊరు కలదు. ఆ యూరి చెఱువుగట్టుపై శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369 నాటి శాసన మొకటి నిలిచియున్నది. మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి రాజ్యమునకు పాలకుడును అగు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఆ చెఱువును కట్టించినట్లు అందు చెప్పబడినది. జలదానమును మించిన దానము లేదనియు, దాత పుణ్యలోకముల నందుననియు చెప్పుట ఇట్టి శాసనములన్నిటికి సామాన్యమే. కాని యీ శాసనము అంతటితో నిలువలేదు. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు వలయునని వరుసగా లెక్కపెట్టినది. ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుడు, గట్టిబంకనేల, తీయని నీరుగల యేరు, గట్టి రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, నిడుపైన రాళ్ళు దొరకు గని, చెంతనే చదునైన సారవంతపు పొలములు, పనితనము తెలిసిన కూలిజనము మొదలైనవి ఆ పండ్రెండిటిలోనివి. పిమ్మట ఆఱు దోషములను చెప్పినది. కట్టనుండి నీరు చెమ్మగిల్లుట, నేల చవుడగుట, నీరు కొంచెమై గర్భము పెద్దదగుట మున్నగువానితోపాటు, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట కూడ చెఱువునకు దోషమే యని శాసనకర్త యెన్నినాడు. దినమునకు వేయిమంది కూలీలును నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లకు పని ముగిసినదని తుదకు చెప్పినాడు.

దీనిని సాహిత్యమనవచ్చునా యని సంశయించువారుందురు. శ్లోకబద్ధమైనంతమాత్రమున కావ్యము కాదను మాట నిజమే. ఐనను, అవినీతియు నైతికపతనమును మన సాహిత్యమున ఎట్లు విమర్శింపబడినవో విచారింపబూనిన మేము ఈ శాసనముతోనే మొదలిడుటకు కారణము కలదు. ప్రజాధనముతో జరిగిన పని యెట్టిదో, ఎందఱు చేసిరో, ఎన్నాళ్ళు పట్టెనో, అది చెడిపోవుటకు ఏ యే మార్గములు కలవో, ఆ నీరు త్రావు జనుల కన్నులయెదుట రాతిపై వ్రాసిపెట్టిన రచన యిది. దీనిని మేము లెక్క యని పిలుచుచున్నాము. కాలము చెడినది, మనుష్యులు చెడిరి, ధర్మము ఒంటికాలిపై నడచుచున్నది అను ధోరణిలో సాగు రచనను విలాపమనుచున్నాము. తెలుగున నీతిక్షయమునుగూర్చి వ్రాసినవారిలో అధికసంఖ్యాకులు విలాపమార్గమునే త్రొక్కిరనియు, లెక్కమార్గమున నడచినవారు కొలదిమందియే యైనను వారివలననే యీ విమర్శకు ప్రాణము వచ్చినదనియు మా యభిప్రాయము.

మేమిచట తీసికొన్న సీమ, నల్లమలకును వెలిగొండకును నడుమనున్న కంభము, గిద్దలూరు, మార్కాపురముల ప్రాంతము. 1800లో నిజాము ఆంగ్లేయులకు విడిచిన దత్తమండలములలో నిది చేరినది. మొదట కడప కలెక్టరు క్రింద నుండి, 1858లో కర్నూలు జిల్లా యేర్పడినప్పుడు దానిలో కలిసినది. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా పుట్టగా అందులో చేరినది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము పేరు వచ్చినది. పశ్చిమప్రకాశమను వ్యవహారము అటుపిమ్మటిది. ఆ జిల్లాలలో నున్నంతకాలము ముఖ్యపట్టణమునకు దూరముగ, అంచుననే యుండుట ఈ సీమకు ప్రాప్తించియుండెను. పోరుమామిళ్ళ శాసనకర్త చెప్పిన సరిహద్దు దోషము చెఱువులకే కాక తాలూకాలకును వర్తించునేమో!

విజయనగర కాలమున ఈ చెఱువుల సీమను మనసులో నుంచుకొని చదువదగిన భాగము ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమందలి రాజనీతి. దేశము చిన్నదైనను చెఱువులు, కాలువలు కల్పించి, పేదరైతునకు పన్నులో వెసులుబాటు కలిగించినచో అర్థధర్మములు రెండును వృద్ధిపొందునని రాయలు చెప్పెను. ఇంతకంటె విశేషమైనది ఇంకొక పద్యము. కఱవుచే చితికి రైతులు ఊరు విడిచి పోవుచుండగా, వారిని మరల పిలువక, వారు వదలిపోయిన పశువులును ధాన్యమును అమ్ముకొనుటకు, ఇంటి దూలములు వంటచెఱకునకు అక్కఱకు వచ్చుననుకొనుటకు ఉవ్విళ్ళూరు అధికారి కలిగిన రాజు, ఏడు దీవులు గెలిచినను బాగుపడడని దాని తాత్పర్యము. ఆ యధికారి లంచము తిన్నట్లు రాయలు చెప్పలేదు. ఎవరి చేతినుండియు రూక తీసికొన్నట్లు లేదు. చేయవలసిన పని చేయక, చేయకపోవుటలోనుండి లాభము పిండుకొన్నాడు, అంతియే. అవినీతి స్వరూపమును ఇంత సూక్ష్మముగ పట్టుకొన్న పద్యము తరువాతి నీతికావ్యములలో మాకు కనబడలేదు. మూలుగుచున్న ఖాళీయింటి వాసము సైతము కవి లెక్కలోనికి వచ్చినది.

ఈ దృష్టికి ఆధారమగు ఏర్పాటు కూడ ఆ కాలమున నుండెను. కంభము చెఱువును గజపతుల యాడబిడ్డ వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. గుండ్లకమ్మ నీటిని కొండల నడుమ ఆపిన ఆ మహాతటాకము 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారి వారసత్వ కట్టడముల పట్టికలో చేరినది. ఇట్టి చెఱువులు కట్టించినవారికిని, మరమ్మతు చేయువారికిని రాయలసీమ యందంతట దశబంధ ఇనాములుండెడివి. భూమిపై ఫలము పనికి కట్టుబడి యుండెను. గట్టున మన్ను పోసినంతకాలమే ఇనాము న్యాయము. పని మాని ఇనాము మాత్రము అనుభవించుట మొదలైననాడు దాన మలెను ఉన్నది దోపిడియైనది. కాగితముపై నేమియు మారకుండగనే లోపల సర్వమును మారిపోవు ఈ విధమైన క్షయమును విలాపకవి పట్టుకొనజాలడు. అతడు దొంగను వెదకును. ఇక్కడ దొంగతనముగ కానవచ్చు క్షణమే లేదు.

శతకములలోనికి వచ్చుసరికి దృష్టి మారినది. సుమతిశతకమున కరణములనుగూర్చిన పద్యములు పెక్కు కలవు. కరణము సాధువై యుండినచో, మదముడిగిన యేనుగువలె, కరవని పామువలె, కుట్టని తేలువలె ఎవ్వరును లక్ష్యపెట్టరని ఒక పద్యభావము. చిన్నతనమున అందఱమును వల్లించిన పద్యమే గాని, నిలిచి యోచించినచో ఇందులోని నీతి భయంకరమైనది. గ్రామలెక్కలు వ్రాయువాడు కాటువేయుట స్వభావధర్మముగను, వేయకపోవుట లోపముగను అంగీకరింపబడినది. వ్యంగ్యమని సరిపెట్టుకొనవచ్చును, ఐతే తరతరముల బాలురు దానిని వ్యంగ్యముగ గాక లోకజ్ఞానముగనే నేర్చిరి. లంచగొండితనమును కులవృత్తిలక్షణముగ చూచుటకు మనము పద్యము కంఠస్థము చేసినప్పుడే అలవాటుపడితిమి. 1984లో ఆంధ్రప్రదేశమున వంశపారంపర్యపు కరణము, మునసబు పదవులు రద్దయినవి. పద్యము రద్దు కాలేదు.

ఇందొక చమత్కారము కూడ కలదు. కరణమును శతకము నిందించినది. కాని ఈ సీమ చరిత్రకు మనకున్న పెద్ద దిక్కు కరణమే. కర్నల్ మెకంజీ కొఱకు కావలి సోదరులును వారి గుమాస్తాలును సేకరించిన కైఫీయతులు కరణముల దండకవిలెలనుండి యెత్తి వ్రాయబడినవి. ఏ దొర యెప్పుడు వచ్చెను, ఏ గుడికి ఏ మాన్యమిచ్చెను, ఏ పాళెగాడు ఏ యూరు కొట్టెను అను విషయములు కైఫీయతులలో దండిగ దొరకును. ఆ లెక్క వ్రాసిన చేయి తానేమి తిన్నదో మాత్రము వ్రాయదు. కావున లెక్కయే సత్యమని మేము వాదించుట లేదు. చక్కని దస్తూరితో, కూడికలో ఒక్క కాసు తప్పు లేకుండ అబద్ధము వ్రాయవచ్చును. పోరుమామిళ్ళ రాతికిని దండకవిలెకును భేదమెక్కడ నున్నదనగా, మొదటిది గట్టుమీద నున్నది, రెండవది పెట్టెలో నున్నది.

విలాపమార్గమున ఈ ప్రాంతమును లోతుగ తాకిన వాఙ్మయము పోతులూరి వీరబ్రహ్మముగారి పేర వ్యాప్తమైన కాలజ్ఞానము. కందిమల్లాయపల్లె ఈ సీమకు దూరముకాదు. కాలజ్ఞానతత్త్వములు తంబురతో పాడువారు కంభము, గిద్దలూరు పల్లెలకు క్రొత్తవారు కారు. రాజులు ధర్మము తప్పుదురు, నీచులు గద్దెలెక్కుదురు, వావివరుసలు నశించును అని భవిష్యత్తునుగూర్చి చెప్పుట దాని రీతి. పండితులలో కొందఱు దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుదురు. మేమట్లు త్రోసివేయము. పాళెగాని కొరడా కనుచూపుమేరలో నున్నప్పుడు, ‘నీవు దొంగవు’ అని వర్తమానమున పలుకుట ప్రాణముమీదికి వచ్చును. ‘దొంగలు రాజులయ్యెదరు’ అని భవిష్యత్తున పలికినచో వినువాడు అర్థము చేసికొనును, పాడువాడు ఇల్లు చేరును. భవిష్యత్క్రియ ఇచట బీదవాని రక్ష. ఈ యంశమును గుర్తింపక కాలజ్ఞానమును నవ్వుట విమర్శకునకు తగదు.

కాని దాని దోషము దానిలోనే కలదు. చెడుగు కలిధర్మమైనప్పుడు చెడినవానికి శిక్షయేల? ముందే వ్రాయబడిన పాపమునకు తహసీలుదారు కేవలము లేఖకుడగును. తత్త్వము విన్న రైతు ఇంటికి పోయి, మఱునాడు అదే కచేరీలో అదే మామూలు చెల్లించి, ‘బ్రహ్మముగారు చెప్పినట్లే జరుగుచున్నది’ అని ఊరట పొందును. లంచము తీసికొన్నవాడును ఆ మాటయే యనుచున్నప్పుడు విలాపము ఎవరి పక్షమున నున్నదో తెలియరాదు.

కుంపిణీ పరిపాలనమున ఈ సీమ స్థితిని తెలుపు వ్రాతలు తెలుగులో కంటె ప్రభుత్వపత్రములలోనే యెక్కువ. మన్రో 1800 నుండి 1807 వఱకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగ నుండి పాళెగాండ్ర నణచి, రైతువారీ పద్ధతికి దారి తీసెను. దొర యొక్కడు, తాలూకాలు పెక్కు, నడుమ సిరస్తాదారు, తహసీలుదారు, గుమాస్తా, కరణము. అధికారమంతయు ఈ నడుమవారి చేత చిక్కినది. ఇరుగుపొరుగున నున్న గుంటూరులో ఈ యుద్యోగివర్గము జిల్లా ఆదాయమును ఎట్లు దిగమ్రింగెనో వాల్టరు ఇలియటు 1846లో విచారణ చేసి నివేదించెను. శిస్తు వసూలునకై రైతులను ఎండలో నిలబెట్టుట, వంగదీసి మెడను కాళ్ళకు కట్టుట, వ్రేళ్ళను కఱ్ఱల నడుమ నొక్కుట మొదలగు హింసలు చెన్నరాజధానియందు జరుగుచున్నవని 1855 నాటి విచారణసంఘమే ఒప్పుకొన్నది. రాయలు వర్ణించిన అధికారి రైతు పోయిన తరువాత ఇల్లు దోచెను; ఈ యధికారి రైతు ఉండగనే వ్రేళ్ళు నొక్కెను.

ఈ సందర్భమున పుట్టినదే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట. 1846లో రెడ్డి కోయిలకుంట్ల ఖజానాను కొట్టి, అనుచరులతో నల్లమల చేరి, గిద్దలూరు చెంత కుంపిణీ సేనతో పోరాడెను. ఆ యేటి అక్టోబరులో పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడెను. అతని శిరస్సును 1877 వఱకు కోట కొమ్మున వ్రేలాడదీసియుంచిరి. అతనికి రావలసిన భరణము నెలకు పదునొకండు రూపాయలకు పైచిల్లర. దానికొఱకు మనిషిని పంపగా కోయిలకుంట్ల తహసీలుదారు తిట్టి పంపెననియు, రెడ్డినే వచ్చి పుచ్చుకొమ్మనెననియు, తిరుగుబాటునకు అదియే నిప్పురవ్వ యనియు జనశ్రుతి. తంగిరాల వేంకటసుబ్బారావుగారు ఈ గాథలను శ్రమించి సేకరించి ‘రేనాటి సూర్యచంద్రులు’ అను గ్రంథమున పరిశీలించిరి.

పాటలోని ‘సైరా’ అను మకుటము వీనులబడగానే రోమాంచము కలుగును. అందు సందేహము లేదు. విమర్శకునిగ మమ్ము ఆకర్షించునది వేఱొక యంశము. పాటకు ప్రాణము అవమానము. తహసీలుదారు పొగరు, రెడ్డి పౌరుషము, రెండింటి ఢీ. కాని చరిత్రకారులు చూపు కారణము ఇంకొకటి కలదు. ఊరికావలి కాయుచు మాన్యములు అనుభవించుచున్న కట్టుబడి బంట్రోతులు, వారు చనిపోయినంతనే ఆ భూములను సర్కారు కలుపుకొనునని విని రెడ్డిని చేరిరి. కొన్ని వందల మంది కడుపుకూటి లెక్క అది. పాట దీనిని వెనుకకు నెట్టి, పదునొకండు రూపాయల అవమానమును ముందు నిలిపినది. కవి తెలియక చేసెనని మేమనము. వీరగాథకు ముఖము కావలయును. కట్టుబడి ఇనాముల పట్టిక యెంత బాధాకరమైనను దానిని తాళగతితో పాడుట కష్టము. మనిషిని తిట్టుట సులభము. ఏర్పాటును తిట్టుట కష్టము. తహసీలుదారు చచ్చెనని విన్న శ్రోత తృప్తుడై లేచిపోవును. కచేరీలో మఱునాటికి ఇంకొక తహసీలుదారు వచ్చినాడన్న సంగతి పాటలో నుండదు. ఐనను కాలజ్ఞానముతో పోల్చినచో పాట ఒక మెట్టు పైననే యున్నది. ఇది కలిని నిందింపలేదు. ఒక కచేరీని, ఒక యూరిని పేరుతో చెప్పినది.

ఆ పై మెట్టు గద్యనాటకముతో వచ్చినది. వీరేశలింగముగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి ఉద్యోగుల లంచములను బయటబెట్టుటయు, ‘వ్యవహారధర్మబోధిని’లో న్యాయవాదుల నడవడిని హాస్యాస్పదము చేయుటయు ప్రసిద్ధములే. గురజాడవారి ‘కన్యాశుల్కము’నకు మేము ప్రత్యేకస్థాన మిచ్చుటకు హేతువు దాని పుట్టుకయందే కలదు. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణ మండలమున మూడేండ్ల కాలములో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టిక వ్రాయించెను. 1,034 వివాహములు తేలినవి. ఒక యేటి వయసుగల పసికందులు సైతము ఆ పట్టికలో నుండిరని 1897 నాటి తొలికూర్పు పీఠికలో గురజాడవారే చెప్పిరి. నాటకము వ్రాయబూనిన కవి చేతిలో మొదట ఒక లెక్క యున్నది! తెలుగుకావ్యములలో ఇట్లు పుట్టినది మఱియొకటి యున్నదేమో మేమెఱుగము.

1909 నాటి రెండవకూర్పున ఈ లెక్కస్వభావము నాటకనిర్మాణమునకే ప్రాకినది. లుబ్ధావధానులపై ఖూనీకేసు వచ్చినది; శవము లేదు, చచ్చినవారు లేరు, పెండ్లికూతురే మగపిల్లవాడు. ఐనను హెడ్డు కనిష్టీబు మొదలు రామప్పంతులు వఱకు అందఱికిని ఆ లేని శవముపై ఆదాయము కలదు. మధురవాణి కంటె చేతులు మారి మాయమైన వృత్తాంతమును చూడుడు. ఎవరిచ్చిరి, ఎవరు పుచ్చుకొనిరి, ఎవరు జవాబుదారి యను ప్రశ్న నాటకము పొడుగున రామప్పంతులును వెంటాడుచునే యుండును. గురజాడవారెక్కడను కాలము చెడెనని వాపోలేదు. సొమ్ము పోవు దారివెంట మనలను నడపించిరి. నవ్వుచునే నడచితిమి, నడచిన పిమ్మట ఆ దారిలో మన యిల్లు కూడ నున్నదని తెలిసినది. సౌజన్యరావుపంతులు పాత్ర కొంత పలుచనైనదన్న ఆక్షేపణ న్యాయమే. సజ్జనుని చిత్రించునప్పుడు గురజాడవారి చేతినుండి సైతము లెక్క జాఱినది. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు ‘ఆఱు సారాకథల’లో మద్యనిషేధకాలపు విశాఖ కోర్టులను చూపుచు ఈ మార్గమునే ముందునకు కొనిపోయిరి. ధర్మసంస్థాపనమునకై వచ్చిన శాసనమే పోలీసువానికి పంటపొలమగుట ఆ కథల వస్తువు.

ఇవన్నియు ఉత్తరకోస్తా రచనలు కదా, మార్కాపురము సీమకేమి సంబంధమని యడుగవచ్చును. మా విచారమంతయు అక్కడనే యున్నది. ఈ సీమలో గత ముప్పదియేండ్లుగ ప్రజాధనముతో ముడిపడిన మహావిషయము వెలిగొండ ప్రాజెక్టు. 1996లో గొట్టిపడియ చెంత శంకుస్థాపన జరిగినది. ప్రాంతపు నీటికొఱకు పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టబడినది. శ్రీశైలము వెనుకనీటిలోని కొల్లమువాగునుండి ఇంచుమించు 18.8 కిలోమీటర్ల పొడవుగల రెండు సొరంగములద్వారా 43.5 టి.ఎం.సీ. నీరు తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు కట్టలు వేసిన జలాశయమున నిలిపి, 4,47,300 ఎకరములకు సాగునీరును 15.25 లక్షలమందికి త్రాగునీరును ఇచ్చుట ఉద్దేశము. 2021లో మొదటి సొరంగము, 2024 జనవరిలో రెండవది త్రవ్వుట ముగిసినది. 2024 మార్చి 6న వానిని జాతికి అంకితము చేసిరి. అప్పటికి ముంపుగ్రామముల పునరావాసము ముగియలేదు, నీరు రాలేదు. పోరుమామిళ్ళవారు వేయిమంది కూలీలతో రెండేండ్లలో చెఱువు ముగించిరని రెండింటిని పోల్చి నవ్వుట మా యుద్దేశము కాదు. కొండ దొలచుట వేఱు, కట్ట పోయుట వేఱు. రాష్ట్రమందలి జలయజ్ఞ పథకములనుగూర్చి కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సమర్పించిన నివేదికలో, సర్వేలు, భూసేకరణము, అనుమతులు ముగియకమునుపే పనులను గుత్తలకిచ్చుట పెద్దతప్పుగ ఎన్నబడినది. ఎవరు తినిరో చెప్పుట ఆ నివేదిక పని కాదు, మా పనియు కాదు. పని క్రమము తప్పుటయే ఎట్లు ఒక క్షయమగునో రాయలవారి అధికారి విషయమున చూచితిమి.

మా దృష్టికి వచ్చినంతలో, ఈ విషయముపై ఈ ప్రాంతమునుండి వెలువడిన పద్యములు, వచనకవితలు, పాటలు దాదాపుగ విలాపములే. ఎండిన గుండ్లకమ్మ, ఫ్లోరైడు నీటితో వంగిన వెన్నులు, వలసబండి, నాయకుల మాటలు నీటిమూటలు. ఒక్కటియు అబద్ధము కాదు. భాష యందును కొఱతలేదు. కొన్ని నిజముగ కంటతడి పెట్టించును. కాని నూఱు కవితలు చదివిన పిమ్మట కూడ కొల్లమువాగు ఎక్కడ నున్నదో చదువరికి తెలియదు. ముంపునకు ఇల్లిచ్చిన కలనూతల మనిషికి ఏ యేట పరిహారము నిర్ణయమైనది, చేతికి ఏ యేట వచ్చినది, ఆ నడుమ అతని కూతురి పెండ్లి యెట్లు జరిగినది, మధ్యవర్తి యెవడు, వాని వాటా యెంత అను కథ మాకు దొరకలేదు. నీరుగంటివాడు మడవ త్రిప్పుటకు రాత్రివేళ ఎవరియింటికి పోవునో వ్రాసినవాడు లేడు. మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దని తెలుగుబాలుడు ఒకానొకప్పుడు అరుదు. ఆ పలకగనిలో కూలి లెక్క యెట్లు కట్టెడివారో చెప్పు నవల కొఱకు వెదకి విసిగితిమి.

కారణమేమి? శక్తిలేకపోవుట కాదు. లెక్క వ్రాసినచో పేరు వ్రాయవలసి వచ్చును. ఆ పేరుగల పెద్దమనిషియే గ్రంథావిష్కరణ సభకు అధ్యక్షుడు. పందిరి ఖర్చు అతనిది, శాలువ అతనిది. పూర్వము కృతిభర్త యుండెడివాడు. కృతి అతనికి అంకితమని అందఱికిని తెలిసియుండెను. ఆ యేర్పాటులో నొక నిజాయితీ యుండెను. నేటి అంకితపత్రమున తల్లిదండ్రుల పేరుండును, సభలో వేఱొకరి స్తుతి యుండును. విలాపమునకు ఈ చిక్కులేదు. కాలమును నిందించు కవిత విని, ఆ కాలమున లాభపడినవాడే ముందువరుసలో కూర్చుండి తలయూచి, చప్పట్లు కొట్టి, శాలువ కప్పును. అవినీతిపరుడు వినుటకు ఇష్టపడు అవినీతికావ్యము ఏ జాతిదో పాఠకులే నిర్ణయింపగలరు.

విశ్వవిద్యాలయములకు ఈ విషయమున చెప్పుకొనదగిన పరిశుద్ధి యేమియు లేదు. పరుల వ్రాతలను ఎత్తివ్రాయుటను నిరోధించుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో నిబంధనలు చేయవలసి వచ్చినదన్నచో మన యింటి సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. సిద్ధాంతగ్రంథములలో నైతికవిలువల పతనము అను ప్రకరణము లేనిది అరుదు. ఆ ప్రకరణమే ఒక గ్రంథమునుండి వేఱొక గ్రంథమునకు వాక్యము చెడకుండ ప్రయాణము చేయుచుండుట మేము స్వయముగ చూచితిమి. ఇంకొకరి మాట యేల, మేమును ఒక కవితాసంపుటమును సగము మాత్రమే చదివి, అందు ‘ప్రజల గుండెచప్పుడు’ వినిపించుచున్నదని పీఠిక వ్రాసియిచ్చినవారమే. ఆ సంపుటము ఉత్తరార్ధమున, అధికారమున నున్న ఒక పెద్దమనిషిపై పదునాఱు పద్యముల ప్రశంస యున్నదని అచ్చైన తరువాత ఒక విద్యార్థి చూపినాడు. గుండెచప్పుడు ఎవరిదో అప్పుడు తెలిసినది.

గతవర్షము మార్కాపురము ప్రాంతపు యువకుడొకడు వెలిగొండపై దీర్ఘకవిత వ్రాసి పీఠిక కోరి పంపినాడు. ఈమాఱు తుదివఱకు చదివితిమి. ధార యున్నది; కోపము నిజమైనది; నడుమనొకచోట, ముంపుగ్రామమును విడుచు ముసలమ్మ యింటి కడపను పెఱికి బండిలో వేసికొను ఘట్టము మఱవరానిది. మిగిలిన నలువది పుటలు కన్నీరు. మేము ప్రతిని త్రిప్పిపంపుచు, ఆ ముసలమ్మ యూరు ఏది, ఆమెకు పరిహారపు కాగితము ఏ యేట వచ్చినది, కడప పెఱికినప్పుడు అది టేకుదా వేపదా అని మాత్రము అడిగితిమి. మూడు నెలలకు జవాబు వచ్చినది. ఊరు పేరును, ఏటిని, వేపకఱ్ఱ యనియు అతడు తెలిపినాడు. ఆ వెంట, కాగితము తెచ్చియిచ్చినవాడు పుచ్చుకొన్న సొమ్మెంతో కూడ ముసలమ్మ చెప్పినదనియు, దానిని పద్యమున పెట్టవచ్చునా యనియు అడిగినాడు. పెట్టవలసినదనియే వ్రాసితిమి. అతడిప్పుడు కవితను మొదటినుండి తిరుగవ్రాయుచున్నాడు. పీఠిక మా బల్లపై ఇంకను మొదలు కాలేదు.